దీపధారిణి ఫ్లోరెన్స్ నైటింగేల్

వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి - ఈ నాలుగూ చికిత్సకు నాలుగు పాదాలని ఆయుర్వేదాచార్యుడైన చరకుడు నిరూపించాడు. పరిచారకునికి ఉండవలసిన గుణాలను కూడా ఆయన నాలుగుగా చెప్పాడు. ఉపచారం చేసే విధానం తెలిసి ఉండటం, పనిలో నేర్పు, రోగిపట్ల అనురాగం, శుచిత్వం అనేవి ఆ నాలుగు గుణాలు. అనురాగం ఒక్కటే చాలునని భావించక, తెలివిని మొదట నిలపడం ఇందులో గమనింపదగిన విశేషం. కాలక్రమంలో లోకం ఈ పరిచర్యాపాదాన్ని చిన్నచూపు చూసింది. వైద్యునికి గౌరవం దక్కింది. ఔషధానికి వెల పెరిగింది. రాత్రింబగళ్ళు రోగి పక్కన నిలిచే మనిషి మాత్రం కూలిమనిషిగానే మిగిలిపోయింది. పరిచర్య కూడా ఒక శాస్త్రమేనని, దానికి చదువు, శిక్షణ, పరిశీలన, పద్ధతి అవసరమని పందొమ్మిదవ శతాబ్దంలో లోకానికి నచ్చజెప్పిన మహనీయురాలు ఫ్లోరెన్స్ నైటింగేల్.

ఆమె 1820వ సంవత్సరం మే 12వ తేదీన ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో జన్మించింది. తండ్రి విలియం ఎడ్వర్డ్ నైటింగేల్, తల్లి ఫ్రాన్సిస్. వివాహానంతరం ఆ దంపతులు ఐరోపా ఖండంలో సుదీర్ఘంగా పర్యటిస్తున్న కాలంలో వారికి ఇద్దరు కుమార్తెలు కలిగారు. నేపుల్స్‌లో పుట్టిన పెద్ద కుమార్తెకు ఆ నగరపు ప్రాచీన గ్రీకు నామమైన పార్థెనోపీ అనే పేరును, చిన్న కుమార్తెకు ఆమె పుట్టిన నగరం పేరును పెట్టారు. అనంతరం ఆ కుటుంబం ఇంగ్లండుకు తిరిగివచ్చింది. డెర్బీషైర్‌లో ఒక భవనం, హాంప్‌షైర్‌లో మరొక భవనం, విస్తారమైన భూములు, సేవకులు, విందులు, వినోదాలు - ఇవన్నీ ఫ్లోరెన్స్‌కు పుట్టుకతోనే సంక్రమించిన భోగభాగ్యాలు.

తండ్రి కేంబ్రిడ్జిలో చదివిన విద్యావంతుడు. సంపన్నుల ఇంటి ఆడపిల్లకు సంగీతం, కుట్టుపని, నలుగురిలో మెలగే నేర్పు చాలునని సమాజం భావిస్తున్న ఆ రోజుల్లో, ఆయన తన కుమార్తెలకు గ్రీకు, లాటిన్, ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్ భాషలను, చరిత్రను, తత్త్వశాస్త్రాన్ని స్వయంగా బోధించాడు. ఫ్లోరెన్స్‌కు గణితంపై మక్కువ మెండు. అంకెలను పట్టికలుగా అమర్చడం, చూసిన ప్రతి విషయాన్నీ వివరంగా వ్రాసిపెట్టుకోవడం బాల్యం నుండే ఆమెకు అలవడ్డాయి. పిన్న వయస్సులో వినోదంగా కనిపించిన ఈ అలవాటే తరువాతి కాలంలో వేలాది మంది ప్రాణాలకు రక్షణగా పరిణమించింది.

ఆమె బాల్యాన్ని గురించి జీవితచరిత్రకారులు ఒక కథ చెబుతారు. ఎంబ్లీ గ్రామ సమీపంలో ఒక ముసలి గొర్రెల కాపరి ఉండేవాడు. అల్లరి పిల్లలు విసిరిన రాళ్ళు తగిలి అతని కుక్క కాలికి దెబ్బ తగిలింది. కాలు విరిగిపోయిందని, ఇక అది ఎందుకూ పనికిరాదని తలచి కాపరి దానిని చంపివేయడానికి సిద్ధపడ్డాడు. ఫ్లోరెన్స్ మతాచార్యునితో కలిసి వెళ్ళి ఆ కాలును పరీక్షించింది. ఎముక విరగలేదని, వాపు మాత్రమే ఉన్నదని తేలింది. వేడినీళ్ళలో ముంచిన గుడ్డలతో కాపడం పెట్టింది. మరునాడు మళ్ళీ వెళ్ళి వాపు ఎంత తగ్గిందో చూసింది. కుక్క కోలుకొంది. ఈ కథలో కనిపించే దయ ఎందరిలోనో ఉంటుంది. తొందరపడి నిర్ణయించక ముందుగా పరీక్షించడం, సమస్య ఏదో తెలిసికోవడం, దానికి తగిన ఉపచారం చేయడం, ఫలితాన్ని మరునాడు సరిచూసుకోవడం - ఇది మాత్రం కొందరిలోనే ఉంటుంది.

1837వ సంవత్సరం ఫిబ్రవరి 7వ తేదీన, పదహారేళ్ళ ప్రాయంలో, భగవంతుడు తనను సేవకై పిలుస్తున్నట్లు ఆమెకు తోచింది. ఆ సేవ ఏమిటో నిశ్చయించుకోవడానికి మరికొన్ని ఏండ్లు పట్టింది. గ్రామాల్లోని పేదల గుడిసెలకు వెళ్ళి రోగులను చూస్తూ ఉండగా తన మార్గం రోగిపరిచర్యయేనని ఆమె గ్రహించింది. 1845లో సాల్స్‌బరీలోని వైద్యశాలలో కొంతకాలం పనిచేసి నేర్చుకొంటానని ఆమె కోరినప్పుడు ఇంట్లో పిడుగు పడినట్లయింది. తల్లి భయపడింది, అక్క కలత చెంది కన్నీరుమున్నీరైంది. వారి భయానికి కారణం లేకపోలేదు. ఆనాటి వైద్యశాలలు మురికికూపాలు. స్థోమత ఉన్నవారు ఇంటివద్దనే వైద్యం చేయించుకొనేవారు. గతిలేనివారే ఆస్పత్రికి వెళ్ళేవారు. అక్కడ పరిచర్య చేసే స్త్రీలకు చదువు లేదు, శిక్షణ లేదు. వారిలో చాలామంది మద్యపానానికి అలవాటుపడినవారని లోకంలో అపఖ్యాతి ఉండేది.

అనుమతి లభించకపోయినా ఫ్లోరెన్స్ తన సంకల్పాన్ని విడిచిపెట్టలేదు. ఇంటిల్లిపాదీ నిద్ర లేవకముందే కొవ్వొత్తి వెలుగులో ఆస్పత్రులను, ప్రజారోగ్యాన్ని గురించిన ప్రభుత్వ నివేదికలను చదివేది. అందులోని అంకెలను పుస్తకాలలో ఎక్కించుకొనేది. ఫలహారవేళకు క్రిందికి దిగి, ఏమీ ఎరుగనట్లు విందుల్లో పాల్గొనేది. రిచర్డ్ మాంక్‌టన్ మిల్న్స్ అనే సాహితీపరుడు ఎన్నో ఏండ్లుగా ఆమెను వివాహమాడగోరాడు. ఆయనపట్ల ఆమెకు గౌరవాభిమానాలు ఉన్నాయి. అయినా గృహిణిగా స్థిరపడితే తన ఆశయం అడుగంటుతుందని తలచి, 1849లో ఆ వివాహాన్ని నిరాకరించింది. ఈ నిర్ణయం ఆమెకు సులభమైనది కాదు. అప్పటికి ఆమె చేతిలో ఆశయం ఉన్నది కాని, దానిని నెరవేర్చుకొనే దారి లేదు.

ఆ దారి జర్మనీలో దొరికింది. రైన్ నదీతీరంలోని కైజర్స్‌వర్త్‌లో థియోడర్ ఫ్లీడ్నర్ అనే మతాచార్యుడు ఒక వైద్యశాలను, అనాథశరణాలయాన్ని నడుపుతూ, పరిచర్య చేసే స్త్రీలకు శిక్షణ ఇస్తూ ఉండేవాడు. 1850లో ఆమె ఆ సంస్థను దర్శించింది. 1851లో సుమారు మూడు నెలలపాటు అక్కడే ఉండి శిక్షణ పొందింది. తెల్లవారుజామున లేవడం, సాదా భోజనం, రోగుల గాయాలు కడగడం, శస్త్రచికిత్సల వేళ సహాయపడటం ఆమె దినచర్య అయ్యాయి. భవనాల్లో పెరిగిన ఆ యువతికి ఈ జీవితం కష్టంగా తోచలేదు. తాను వెదకుతున్న చోటికి చేరుకొన్నానన్న తృప్తి కలిగింది.

1853 ఆగస్టులో లండన్‌లోని హార్లీ వీధిలో రోగగ్రస్తులైన మహిళలకై నడిచే ఒక చిన్న వైద్యశాలకు ఆమె పర్యవేక్షకురాలైంది. ఆ పదవికి జీతం లేదు. తండ్రి ఏటా 500 పౌనులు ఇవ్వడానికి అంగీకరించాడు. ఆమె మొదట చేసిన పని పరిచారికల నడకను గమనించడం. వేడినీటికోసం, భోజనంకోసం, రోగుల పిలుపులకోసం మెట్లు ఎక్కి దిగడంలోనే వారి శక్తి హరించుకుపోతున్నదని గ్రహించింది. ప్రతి అంతస్తుకూ గొట్టాలద్వారా వేడినీరు వచ్చే ఏర్పాటు, భోజనాన్ని పైకి చేర్చే యంత్రం, ఏ రోగి పిలుస్తున్నారో తెలియజేసే గంటలు కావాలని పట్టుబట్టింది. పరిచారిక కాళ్ళకు కలిసివచ్చిన సమయం రోగి పక్కన గడిపే సమయం అవుతుందన్నది ఆమె ఆలోచన. పరిచర్య అంటే మంచిమనస్సుతోపాటు మంచి ఏర్పాటు కూడా అన్న సత్యం ఇక్కడ తొలిసారిగా ఆచరణలోకి వచ్చింది.

ఇంతలో నల్లసముద్ర ప్రాంతంలో క్రిమియా యుద్ధం వచ్చింది. 1854 మార్చిలో బ్రిటన్, ఫ్రాన్సు దేశాలు టర్కీ పక్షాన రష్యాపై యుద్ధం ప్రకటించాయి. గాయపడిన బ్రిటిష్ సైనికులను ఓడలలో నల్లసముద్రం దాటించి, కాన్‌స్టాంటినోపుల్ నగరానికి ఎదురుగా ఆసియా తీరాన ఉన్న స్కుటారీకి చేర్చేవారు. అక్కడి పెద్ద సైనిక నివాసాన్ని ఆస్పత్రిగా మార్చారు. గాయాలకు కట్టు కట్టేవారు లేక, దాహానికి నీరిచ్చేవారు లేక సైనికులు నేలపై పడి మరణిస్తున్నారని టైమ్స్ పత్రికలో వార్తలు వెలువడ్డాయి. ఇంగ్లండు ప్రజలు ఆగ్రహించారు. యుద్ధవ్యవహారాల మంత్రి సిడ్నీ హెర్బర్ట్ ఫ్లోరెన్స్‌కు పూర్వపరిచితుడు. ఆయన అభ్యర్థనపై ఆమె 38 మంది పరిచారికలతో 1854 అక్టోబరు 21న బయలుదేరి, నవంబరు 4న స్కుటారీ చేరుకొంది.

సైనికవైద్యులు ఆమె రాకను హర్షించలేదు. ఆస్పత్రి వ్యవహారాల్లో స్త్రీల జోక్యాన్ని వారు సహింపలేకపోయారు. రోగులను తాకడానికైనా అనుమతించలేదు. ఫ్లోరెన్స్ వాదించలేదు. వైద్యులు కోరేదాకా ఎవరూ రోగుల గదుల్లోకి పోరాదని తన పరిచారికలను కట్టడి చేసింది. ఆ వ్యవధిలో కట్టుగుడ్డలు, దుప్పట్లు సిద్ధం చేయించింది. పరిసరాలను క్షుణ్ణంగా పరిశీలించింది. ఎన్ని పడకలు ఉన్నాయి, ఎన్ని చొక్కాలు ఉన్నాయి, నీరు ఎక్కడినుండి వస్తున్నది, మురుగు ఎక్కడికి పోతున్నది, వంట ఎలా జరుగుతున్నది - అన్నీ విచారించి వ్రాసిపెట్టుకొంది. నవంబరు 5న జరిగిన ఇంకర్‌మన్ యుద్ధంలో గాయపడినవారు ఓడలకొలది వచ్చి చేరేసరికి వైద్యులకు దిక్కుతోచలేదు. అప్పుడు వారే పరిచారికల సహాయం అర్థించారు.

ఆమె పూనుకొన్న మొదటి పనుల్లో నేలలు కడిగించడం ఒకటి. ప్రజల విరాళాల ధనంతోనూ, తన సొంత ధనంతోనూ బ్రష్షులు, సబ్బులు, తువ్వాళ్ళు, చొక్కాలు కొనిపించింది. ఒక ఇంటిని అద్దెకు తీసికొని, నీళ్ళు కాచే బానలు అమర్చి, సైనికుల భార్యలను పనిలో పెట్టి బట్టలు ఉతికించింది. జబ్బుపడినవారికి తగిన పథ్యాహారం వండే ప్రత్యేక వంటశాలలు నెలకొల్పింది. 1855లో ప్రసిద్ధ పాకశాస్త్ర నిపుణుడు అలెక్సిస్ సోయర్ అక్కడికి వచ్చి వంటపద్ధతులను మరింత సంస్కరించాడు. కోలుకొంటున్న సైనికులకు చదువుకొనే గది, సంపాదన ఇంటికి పంపుకొనే వసతి కూడా ఆమె కల్పించింది. మరణించిన సైనికుల తల్లులకు, భార్యలకు తానే ఉత్తరాలు వ్రాసేది.

పగటి పనులు ముగిసిన తరువాత ఆమె చేతదీపం పట్టుకొని పడకల వరుసల మధ్య తిరిగేది. మైళ్ళ పొడవున సాగే ఆ వరుసల్లో ఎవరికి జ్వరం పెరిగింది, ఎవరికి నిద్ర పట్టలేదు, ఎవరు చివరి ఘడియలలో ఉన్నారు అని పరికించేది. ఆమె నీడ గోడపై కదలిపోతుంటే సైనికులు ఊరట చెందేవారు. ఆ విధంగా దీపధారిణి అనే పేరు ఆమెకు లోకంలో స్థిరపడింది. చిత్రకారులు ఆ దృశ్యాన్ని చిత్రించారు, కవులు కీర్తించారు. అయితే ఆ దీపం కేవలం కరుణకు చిహ్నం కాదు. చీకటిలో ఉన్నదానిని ఉన్నట్లుగా చూడాలనే తపనకు కూడా అది చిహ్నమే.

ఇంత శ్రమించినా ఆ శీతకాలంలో మరణాలు తగ్గలేదు, పైగా పెరిగాయి. 1855 ఫిబ్రవరిలో స్కుటారీలో చికిత్స పొందినవారిలో నూటికి 42 మంది మరణించారు. వారిలో అధికసంఖ్యాకులు గాయాలవల్ల కాక కలరా, రక్తవిరేచనాలు, విషజ్వరాలవల్ల మరణించినవారు. 1855 మార్చిలో బ్రిటిష్ ప్రభుత్వం పంపిన పారిశుద్ధ్య సంఘం అక్కడికి వచ్చింది. డాక్టర్ జాన్ సదర్లాండ్, ఇంజనీరు రాబర్ట్ రాలిన్‌సన్ అందులో ప్రముఖులు. ఆస్పత్రి పునాదుల క్రింద పూడుకుపోయిన మురుగుకాలువలను వారు శుభ్రం చేయించారు. నీటిసరఫరాను బాగుచేశారు. గాలి ఆడే ఏర్పాట్లు చేశారు. జూన్ నాటికి మరణాలు వెయ్యికి 22కు తగ్గాయి. ఆ మే నెలలోనే క్రిమియాకు వెళ్ళిన ఫ్లోరెన్స్ తీవ్రజ్వరానికి లోనై మృత్యుముఖందాకా వెళ్ళి కోలుకొంది. ఇంటికి పొమ్మన్నా వినక, యుద్ధం ముగిసి ఆస్పత్రి ఖాళీ అయ్యేవరకు అక్కడే ఉంది.

1856 ఆగస్టులో ఆమె స్వదేశానికి తిరిగివచ్చింది. దేశమంతా ఘనస్వాగతానికి సిద్ధపడుతుండగా, మారుపేరుతో ప్రయాణించి, ఎవరికీ తెలియకుండా ఇల్లు చేరుకొంది. కీర్తితో తృప్తి చెంది విశ్రమించి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. కాని ఆమె మనస్సును ఒక ప్రశ్న వేధించింది. తన కళ్ళముందు అంతమంది ఎందుకు మరణించారు? ఆహారలోపం, అలసట, ఆలస్యంగా ఆస్పత్రికి చేరడం వారి మరణాలకు ముఖ్యకారణాలని ఆమె మొదట భావించింది. ప్రసిద్ధ గణాంకవేత్త విలియం ఫార్‌తో కలిసి లెక్కలన్నీ పరిశీలించగా వేరొక సత్యం బయటపడింది. రోగులను క్రిక్కిరిసి పెట్టడం, మురుగు, గాలి ఆడకపోవడం ఆ ఆస్పత్రినే మృత్యుగృహంగా మార్చాయి. తాను పగలూ రాత్రీ సేవ చేసిన చోటనే ఎక్కువమంది మరణించారన్న సత్యం ఎంత చేదుగా ఉన్నా ఆమె దానిని దాచలేదు. తన సేవాఫలితాన్ని తానే నిర్దాక్షిణ్యంగా కొలిచి చూసుకొంది. ఆ యుద్ధంలో మరణించిన బ్రిటిష్ సైనికుల్లో 16 వేలమందికి పైగా వ్యాధులకే బలి అయ్యారని నివేదికల ద్వారా లోకానికి చాటింది.

అంకెల పట్టికలు చూసి విసుగుచెందే పాలకులకు అర్థమయ్యేటట్లు ఆమె వృత్తాకార రేఖాచిత్రాలను రూపొందించింది. ఒక్కొక్క నెలకు ఒక్కొక్క భాగం. అందులో నివారింపదగిన వ్యాధులవల్ల కలిగిన మరణాలకు ఒక రంగు, గాయాలవల్ల కలిగినవాటికి ఒక రంగు, తక్కినవాటికి మరొక రంగు. చూసినంతనే సత్యం బోధపడుతుంది. ఆమె ప్రేరణతో 1857లో సైనికుల ఆరోగ్యంపై రాయల్ కమిషన్ ఏర్పడింది. 1858లో లండన్ గణాంకశాస్త్ర సంఘం ఆమెను సభ్యురాలిగా ఎన్నుకొంది. ఆ గౌరవం పొందిన తొలి మహిళ ఆమెయే. నాటికి వ్యాధులకు సూక్ష్మజీవులు కారణమన్న సిద్ధాంతం ఇంకా స్థిరపడలేదు. దుర్గంధపూరితమైన గాలియే రోగకారణమని ఆమె కూడా నమ్మింది. ఆ నమ్మకం నిలవకపోయినా, శుభ్రత, స్వచ్ఛమైన నీరు, గాలి, వెలుతురు కావాలని ఆమె చెప్పిన పద్ధతి మాత్రం నిలిచింది.

1859లో ఆమె పరిచర్యను గురించి సామాన్య గృహిణులకు సైతం ఉపయోగపడే ఒక చిన్న గ్రంథం వెలువరించింది. గాలి, వెలుతురు, శబ్దం, పడక, ఆహారం, శుభ్రత - ఒక్కొక్క అంశాన్ని విడివిడిగా చర్చించింది. ఆ గ్రంథంలో పరిశీలనకు పెద్దపీట వేసింది. రాత్రి బాగా నిద్రపట్టిందా అని అడిగితే సరైన సమాధానం రాదని, ఎన్ని గంటలు నిద్రపోయాడో, ఏ వేళకు మెలకువ వచ్చిందో అడగాలని బోధించింది. రోగికి పుండ్లు పడటంవంటి బాధలు తరచుగా రోగదోషం కాదని, పరిచర్యాదోషమని హెచ్చరించింది. పరిచారిక తాను దగ్గర లేని సమయంలో కూడా పని సక్రమంగా జరిగేటట్లు ఏర్పాటు చేయాలని సూచించింది. ఆధారం లేని ఓదార్పు మాటలు రోగిని విసిగిస్తాయని కూడా ఆమె గుర్తించింది.

క్రిమియాలో ఆమె చేసిన సేవకు కృతజ్ఞతగా ప్రజలు సమర్పించిన నిధితో 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో పరిచారికల శిక్షణాలయం ప్రారంభమైంది. తొలిజట్టులో చేరినవారు 15 మంది. వారికి పాఠాలు, ఆచరణలో శిక్షణ, వ్రాతపుస్తకాలు, నెలనెలా మదింపు ఉండేవి. ఇక్కడ శిక్షణ పొందినవారు దేశదేశాలకు వెళ్ళి అదేవిధమైన శిక్షణాలయాలను నెలకొల్పారు. నర్సు అనే మాట గౌరవవాచకమైంది.

ఈనాటి నర్సింగు విద్యార్థులు తొలి సంవత్సరంలోనే నేర్చుకొనే పరిచర్యాప్రక్రియకు ఈ జీవితంలో బీజాలు కనిపిస్తాయి. ఆ ప్రక్రియకు 1955లో లిడియా హాల్ అనే అమెరికా నర్సు పేరు పెట్టింది. 1973లో అమెరికా నర్సుల సంఘం తన ప్రమాణాలలో దానికి స్థానం కల్పించింది. అందులో ఐదు దశలు ఉన్నాయి. రోగిని చూసి, అడిగి, పరీక్షించి వివరాలు సేకరించడం మొదటిది. ఆ వివరాలను బట్టి సమస్యను నిర్ధారించడం రెండవది. లక్ష్యాన్ని నిర్ణయించుకొని ప్రణాళిక వేయడం మూడవది. ఆ ప్రణాళికను ఆచరణలో పెట్టడం నాలుగవది. ఫలితాన్ని మూల్యాంకనం చేసి, అవసరమైతే మళ్ళీ మొదటినుండి ఆరంభించడం ఐదవది.

తుంటి ఎముక విరిగి మంచంపట్టిన ఒక వృద్ధుని ఉదాహరణగా తీసికొందాం. ఎముక విరిగిందని నిర్ధారించడం వైద్యుని పని. కదలలేని ఆ మనిషికి నడుముక్రింద చర్మం ఎర్రబడుతున్నదని, పుండు పడే ప్రమాదం ఉన్నదని గుర్తించడం నర్సు పని. చర్మం చిట్లకుండా కాపాడటం లక్ష్యం. సుమారు రెండు గంటలకొకసారి ఒత్తిగిలబెట్టడం, పక్కగుడ్డ ముడుతలు లేకుండా పొడిగా ఉంచడం, తగిన ఆహారం అందేటట్లు చూడటం ప్రణాళిక. చేసిన ప్రతి పనినీ వేళతోసహా వ్రాసిపెట్టాలి. మరునాడు చర్మాన్ని మళ్ళీ చూడాలి. ఎరుపు తగ్గితే ప్రణాళిక ఫలించినట్లు, తగ్గకపోతే ప్రణాళికను మార్చవలసి ఉన్నట్లు. గొర్రెలకాపరి కుక్క విషయంలో ఆ బాలిక చేసినదీ, స్కుటారీ లెక్కలను ముందు పెట్టుకొని ఆ మహిళ చేసినదీ ఇదే.

ఫ్లోరెన్స్ భారతదేశాన్ని ఎన్నడూ చూడలేదు. అయినా ఆమె జీవితంలో సుమారు నలభై సంవత్సరాలు ఈ దేశపు ఆరోగ్యాన్ని గురించిన ఆలోచనలతోనే గడిచాయి. భారతదేశంలోని సైనిక శిబిరాలకు ప్రశ్నావళులు పంపించి, వచ్చిన సమాధానాలను పడకపై నుండే పరిశీలించింది. ఆ శిబిరాల్లోని బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది మరణిస్తున్నారని 1863లో వెలువడిన కమిషన్ నివేదిక తెలియజేసింది. పారిశుద్ధ్య సంస్కరణల అనంతరం, దశాబ్దకాలంలో అది 18కి తగ్గినట్లు ఆమె పేర్కొంది. సైనికులతో ఆగక, ఆమె దృష్టి గ్రామీణ ప్రజలవైపు మళ్ళింది. ధాత నామ సంవత్సరంలో తలెత్తి, 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించిన క్షామంలో లక్షలాది ప్రజలు మరణించారు. బళ్ళారి, కర్నూలు, కడప సీమలు ఎంతో నష్టపోయాయి. ఆకలితో ఉన్న ప్రజలకు ఆరోగ్యం ఎక్కడిదన్న ఆలోచన ఆమెను నీటిపారుదల సమస్య వద్దకు తీసికొనివచ్చింది. ధవళేశ్వరం వద్ద గోదావరిపై ఆనకట్ట నిర్మించి డెల్టాను సస్యశ్యామలం చేసిన సర్ ఆర్థర్ కాటన్‌తో ఆమె ఉత్తరప్రత్యుత్తరాలు జరిపింది. భారతదేశంలో కాలువలు త్రవ్వించాలన్న ఆయన వాదాన్ని గట్టిగా సమర్థించింది. తెలుగువారు నేటికీ కృతజ్ఞతతో తలచుకొనే ఆ మహనీయునికి తోడుగా, ఎక్కడో లండన్‌లో ఒక గదిలో కూర్చొని ఆమె కలం నడిపింది.

క్రిమియా జ్వరం ఆమెను జీవితాంతం వెన్నాడింది. ఎన్నో ఏండ్లు ఆమె గది దాటి బయటికి రాలేకపోయింది. పరిచర్యాశాస్త్రానికి జీవం పోసిన ఆమె తన జీవితంలో అధికభాగం రోగిగానే గడపడం విధివిలాసం. ఆ పడకపై నుండే వేలాది ఉత్తరాలు, నివేదికలు వ్రాసింది. వృద్ధాప్యంలో కంటిచూపు క్షీణించింది. 1907లో బ్రిటిష్ రాజు ఆమెకు ఆర్డర్ ఆఫ్ మెరిట్ పురస్కారం ప్రదానం చేశాడు. ఆ పురస్కారం పొందిన తొలి మహిళ ఆమెయే. 1910 ఆగస్టు 13న, తొంభై ఏండ్ల వయస్సులో లండన్‌లోని స్వగృహంలో ఆమె కన్నుమూసింది. జాతీయ ప్రముఖులను ఖననం చేసే వెస్ట్‌మినిస్టర్ అబీలో స్థలం ఇస్తామన్నా, ఆమె కోరికను అనుసరించి బంధువులు నిరాకరించారు. హాంప్‌షైర్‌లోని ఈస్ట్ వెల్లో గ్రామంలో కుటుంబసభ్యుల సమాధుల సరసన ఆమెను ఖననం చేశారు. సమాధిఫలకంపై ఆమె పూర్తిపేరు లేదు. రెండు పొడి అక్షరాలు, జనన మరణ తేదీలు మాత్రమే ఉన్నాయి.

ఆమె జన్మదినమైన మే 12ను 1974 నుండి అంతర్జాతీయ నర్సుల దినోత్సవంగా పాటిస్తున్నారు. ఉత్తమసేవ చేసిన నర్సులకు ఆమె పేరిట జాతీయ పురస్కారాలను భారత ప్రభుత్వం 1973లో నెలకొల్పింది. ఏ ఆస్పత్రికి వెళ్ళినా రోగి మంచం దగ్గర ఒక అట్టకు తగిలించిన కాగితం కనిపిస్తుంది. అందులో జ్వరం ఎంత, నాడి ఎంత, ఎప్పుడు మందు ఇచ్చారు, ఎప్పుడు ఆహారం ఇచ్చారు అన్న వివరాలు వేళలతోసహా ఉంటాయి. రాత్రి విధులు ముగించుకొని వెళ్ళే నర్సు ఆ కాగితాన్ని ఉదయం వచ్చిన నర్సుకు అప్పగించి, రోగి స్థితిని వివరించి వెళుతుంది. రోగి ఆ సంభాషణ వినకపోవచ్చు, ఆ కాగితాన్ని చదవకపోవచ్చు. తాను నిద్రించిన వేళ కూడా తనను గమనిస్తున్నవారు ఉన్నారన్న ధైర్యం మాత్రం అతనికి కలుగుతుంది. కరుణకు పరిశీలనను, సేవకు శాస్త్రాన్ని జోడించిన ఆ మహనీయురాలి వారసత్వం ఆ ధైర్యంలోనే ఉంది.